లేకు గాలి

సుకమాయకి మళ్ళీ లేకు పట్టింది. పట్టకపోతే కదా వింత అనుకున్నాడు హర్కధన్ రాయ్, స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, అద్దానికి అవతల మంచు తప్ప ఇంకేమీ లేని ఆ తెలుపులోకి చూస్తూ. కాలీపోఖరి దాటి బండి రెండు మలుపులు ఎక్కితే చాలు, ఈవిడ నుదురు పట్టుకుంటుంది, కడుపులో తిప్పుతోందంటుంది, కొండ మీద పుట్టిన మనిషైతే కదా, దిగువన తేయాకు తోటల్లో, దోమల్లో, ఉక్కలో పెరిగిన పిల్ల, ముప్ఫై ఏళ్ళ కిందట పెళ్ళి చేసుకుని పైకి తెచ్చుకున్నంత మాత్రాన ఒళ్ళు కొండదైపోతుందా. పైకి వెళ్ళేకొద్దీ దిగువవాళ్ళకి తల పగిలిపోతుంది, వాంతి వస్తుంది, కాళ్ళు తేలిపోతాయి, దాన్నే లేకు అంటారు. పట్టినవాళ్ళచేత వెల్లుల్లి నమిలించి, నాలిక మీద మిరియాల్లాంటి తిమ్మూరు గింజలు రెండు పెట్టి, వెచ్చగా కప్పి కూర్చోబెట్టాలి, అంతకు మించి చేసేదేమీ లేదు. వెల్లుల్లి ఇచ్చాడు. తిమ్మూరు ఇచ్చాడు. కిటికీ అద్దాలు జరిపి మూశాడు, వెనక తలుపు సందులో గోనెపట్టా కుక్కాడు, తన వైపు తలుపు గడియ ఊడిపోయి మూడేళ్ళయింది కాబట్టి లోపలి నుంచి తాడుతో రెండు ముళ్ళు వేసి బిగించాడు. ఇంజిన్ మాత్రం ఆపలేదు. ఈ చలిలో ఆపితే మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు, పైగా ఇంజిన్ వేడి కాళ్ళ దగ్గరి రేకులోంచి మెల్లగా లోపలికి వస్తుంది, ఈ బండికి హీటరంటే అదే.

ముందు మలుపులో ఎవరిదో బండి అడ్డం తిరిగి మంచులో కూరుకుపోయింది. పది మంది పారలు పట్టుకుని తవ్వుతున్నారని ఛిరింగ్ వచ్చి చెప్పి వెళ్ళాడు, పావుగంటలో అయిపోతుంది దాజు, నువ్వు దిగకు, పెద్దవాడివి అన్నాడు. దాజు అంటే అన్నగారు. ఈ దారిలో బండ్లు తోలే కుర్రాళ్ళందరూ అతన్ని అలాగే పిలుస్తారు, ఆ మాటకొస్తే ముక్కూ మొహం తెలియని మగవాణ్ణయినా ఇక్కడ దాజు అనే పిలుస్తారు. అతని వెనక మరో మూడు బండ్లు ఆగి ఉన్నాయి, అన్నీ పాతవే, అన్నీ ఇంజిన్లు తిరుగుతూ, అన్నీ కిటికీలు బిగించుకుని. బిగించుకోక ఏం చేస్తాయి, ఆగిన చోటు అలాంటిది. దీని పేరే విషపు కనుమ, బిఖే భంజ్యాంగ్. వానలు వెనకబట్టే వేళకి ఈ వాలంతా నీలంగా బిఖ్ పూస్తుంది, దాని వేరు కొరికిన గొర్రె పది అడుగులు కూడా వేయదు, ఆ మొక్క మీదుగా వచ్చే గాలే లేకు తెస్తుందని అతని నాన్న చెప్పాడు, నాన్నకి వాళ్ళ నాన్న చెప్పాడు. అందుకే నడిచి వెళ్ళేవాళ్ళు ఇక్కడ ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు, బండిలో ఉన్నవాళ్ళు అద్దం తెరవరు.

ఇందాక సుకమాయ తెరవబోయింది.

"కాస్త గాలి రానీ బూఢా, ఊపిరాడటం లేదు."

"ఆ గాలే కదే నీకు పడనిది. అది బిఖ్ గాలి."

"మోకాలి లోతు మంచు కింద బిఖ్ ఎక్కడ పూసింది, నీ నెత్తి మీదా?"

"వేరు లేదూ? వేరుకీ వాసనుంటుంది."

బూఢా అంటే ముసలాడని. అతనికి ముప్ఫై నిండకముందే ఆ పిలుపు మొదలుపెట్టింది, ఇప్పుడు యాభై ఎనిమిదొచ్చి నిజంగానే ముసలాడయ్యాక ఆ పిలుపులో వేళాకోళం తగ్గి ముద్దే మిగిలింది. ఆమె చేతి మీదుగా చెయ్యి చాపి అద్దం మళ్ళీ మూసేశాడు, ఆమె వాదించలేదు, మామూలుగా అయితే నాలుగు అంటించేది. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. పడుకోనీ, పడుకుంటే లేకు దిగుతుంది, పైన మేనకోడలి లాడ్జికి చేరేసరికి లేచి కూర్చుని వంటపొయ్యి తనదే అంటుంది. వెనక సీట్ల మధ్య బియ్యం బస్తాలు, ఆలుగడ్డలు, ఒక గ్యాసు బండ, చైత్రం మొదలవగానే కొండెక్కడానికి జనం వస్తారు, లాడ్జిలో వంటకి ఈవిడ కావాలి, రెండు నెలలు పైనే ఉంటుంది. ప్రతిసారీ ఇంతే, బండిలో సగం చచ్చి, పైకి వెళ్ళిన మర్నాటికి గుర్రంలా తిరుగుతుంది.

పావుగంట అన్నాడు ఛిరింగ్, ఇప్పటికి ఎంతయిందో. వైపర్లు రెండూ మంచు కింద ఆగిపోయాయి. ఇంజిన్ మోత వింటూ కూర్చున్నాడు, ఆ మోత అతనికి ఇంట్లో మనిషి గొంతు. బండి పేరు బొజ్యూ, అంటే నాయనమ్మ, పేరు పెట్టింది నాన్న. తోట మేనేజరు దొర సామాను అమ్మేసి ఊరు వెళ్ళిపోతుంటే నాన్న రెండు ఆవుల్నీ వాలు పొలాన్నీ ఇచ్చేసి తెచ్చుకున్నాడు, మానేభంజ్యాంగ్ వీధిలోకి తోలుకొచ్చిన రోజు అమ్మ హారతిచ్చి ఏడ్చింది, ఆవుల కోసం ఏడ్చిందో బండి చూసి ఏడ్చిందో ఎవరికీ చెప్పలేదు. దశైం పండక్కి మేకపోతు రక్తంతో బోనెట్టు మీద బొట్టు పెట్టేవాడు నాన్న, సబ్బు కాదు, ఊటనీళ్ళు పట్టుకొచ్చి చేత్తో కడిగేవాడు, ఆ చేత్తోనే తర్వాత హర్కధన్ జుట్టు నిమిరేవాడు, గ్రీజు వాసన. తర్వాత ఈ దారిలో బండ్లన్నిటికీ కొత్త డీజిల్ ఇంజిన్లు పెట్టించారు, పైన చూస్తే పాత రేకు, లోపల కొత్త గుండె. హర్కధన్ ఒప్పుకోలేదు. నాయనమ్మకి వేరే గుండె పెడతామా అన్నాడు. పెట్రోలు ఎక్కువ తాగుతుందని అందరూ నవ్వారు, నవ్వనీ, ఈ కొండ మీద దొరల కాలం నాటి ఇంజిన్ ఉన్నది తనొక్కడి దగ్గరే, సీజన్లో వచ్చే జనం బొజ్యూ పక్కనే నిలబడి ఫొటోలు దిగుతారు గానీ ఛిరింగ్ బండి పక్కన దిగుతారా.

మిస్త్రీ దిల్‌మాన్ మాత్రం నవ్వలేదు. వాడికి నవ్వడం రాదు, బండి కిందే పుట్టినట్టుంటాడు, కాళ్ళు తప్ప మొహం చూసినవాళ్ళు తక్కువ. దశైం ముందర బొజ్యూ కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు, వచ్చాక చేతులు తుడుచుకుంటూ, సైలెన్సర్ గొట్టం మెడ దగ్గర పగిలింది దాజు అన్నాడు, పైన నీ కాళ్ళ కింది రేకు కూడా తుప్పుపట్టి చిల్లులు పడింది, గొట్టం మార్చాలి, రేకు వేయాలి, వారం రోజులు బండి నా దగ్గర ఉంచు. వారమా, సీజన్ మొదట్లోనా. పాలపొడి డబ్బా కత్తిరించి చుట్టి తీగ బిగించెయ్యి, రేకు మీద నేను ప్లైవుడ్డూ రబ్బరు పట్టా వేసుకుంటాను అన్నాడు హర్కధన్. మోత ఎక్కువైతే ఏం, ముసలిదానికి దగ్గు రాదా. అప్పుడు దిల్‌మాన్ అన్న మాటేదో ఉంది. మోత సంగతి కాదు దాజు, అన్నాడు, తర్వాత ఇంకేదో అన్నాడు, ఏదో చూసుకోమన్నాడు, ఏమిటది, నోటి దాకా వచ్చి నిలవడం లేదు. సరేలే, గుర్తొస్తే చూద్దాం.

తల నొప్పిగా ఉంది. నుదుటి చుట్టూ, సరిగ్గా పట్టీ పడే చోట. చిన్నప్పుడు బుట్టలో బరువులు మోసినప్పుడు నుదుటి మీద నామ్లో పట్టీ ఇలాగే బిగిసేది, కణతల దగ్గర నరాలు కొట్టుకునేవి, పదిహేనేళ్ళకే యాభై కిలోల ఆలుగడ్డలు ఈ కనుమ దాటించాడు, ఈల వేస్తూ దాటించాడు. నిన్న రాత్రి నిద్ర చాల్లేదు, అందుకే. లేదా ఆకలి. కడుపులో కాస్త వికారం కూడా ఉంది, పొద్దున ఆ గుంద్రుక్ ఆకుల పులుసు మరీ పులిసిపోయింది కాబోలు. ఇంకేదో అయి ఉంటుందన్న ఆలోచన ఒకటి పక్కనే వచ్చి నిలబడింది గానీ దాన్ని చూడదలచుకోలేదు. రాయ్‌ల ఇంట పుట్టినవాడికి, ఈ గట్టు మీదే బొడ్డుతాడు కోసినవాడికి, లేకా? ఛీ. ఆ మాట పైకి అంటే సుకమాయ కళ్ళు తెరిచి ముప్ఫై ఏళ్ళ బాకీ అంతా ఒక్క నవ్వులో తీర్చేసుకుంటుంది. లాడ్జిలో మేనకోడలికి చెబుతుంది, మేనకోడలు ఛిరింగ్‌కి చెబుతుంది, ఛిరింగ్ ఈ దారంతా చాటింపు వేస్తాడు, బొజ్యూ తోలే దాజుకి లేకు పట్టిందంట, వెల్లుల్లి ఉందా అని ప్రతి మలుపులోనూ ఆపి అడుగుతారు. తల నొప్పితో చచ్చినా సరే, ఆ మాట అనడు.

ఎంత నవ్వారో కిందటి శరత్తులో, ఆ కోళ్ళ విషయంలో. తన మీద కాదు, కోళ్ళ మీద, తను కూడా కలిసి నవ్వాడు. సిలిగురి నుంచి వచ్చిన తెల్ల కోళ్ళు, ఆరు, వెదురు బుట్టలో పెట్టి సరిగ్గా ఈ వెనక సీటు కిందే ఉంచాడు, ఆ రోజూ చలి, ఆ రోజూ అద్దాలు మూసే ఉన్నాయి. పైకి వెళ్ళి బుట్ట తీస్తే ఐదు చచ్చాయి, ఒకటి మెడ వాల్చేసింది. లాడ్జి వంటింట్లో అందరూ మూగి, కోళ్ళకి కూడా లేకు పట్టింది, దిగువ కోళ్ళు కదా, వెల్లుల్లి పెట్టలేదా దాజు అని ఒకటే నవ్వు. వెల్లుల్లి ఇప్పుడు పెడతాం అని మేనకోడలు వాటిని కోసి కూర వండింది. మాంసం ఎర్రగా, చాలా ఎర్రగా ఉంది, చాకు చేత్తోనే ఆ పిల్ల, చూడు మామా ఎంత తాజాగా ఉన్నాయో అంది. సుకమాయ ఒక్కతే తినలేదు. అన్నం తింటూ, కోడికి లేకు పడుతుందని ఎవరు చెప్పారు బూఢా అంది. ఎవరూ చెప్పలేదు, కళ్ళతో చూశాంగా అన్నాడు తను. ఆమె ఇంకేమీ అనకుండా పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళింది, ఆమె అలా మాట్లాడకుండా లేచిపోతే అతనికి ఎప్పుడూ ఏదో ఓడిపోయినట్టుంటుంది.

ఎర్రగా. ఇప్పుడు సుకమాయ బుగ్గలు కూడా ఎర్రగా ఉన్నాయి. తల తిప్పి చూశాడు, తల తిప్పడానికి చాలా సేపు పట్టింది, తిప్పాలనుకోవడానికీ తిప్పడానికీ మధ్య ఒక నిద్ర పట్టి లేచినట్టుంది. నిజంగానే ఎర్రగా ఉన్నాయి, పెళ్ళిలో కూడా ఇంత రంగు లేదు. హమ్మయ్య, రంగొచ్చింది, లేకు దిగుతోందన్నమాట, వెల్లుల్లి పని చేసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, నమిలిన వెల్లుల్లి పిప్పి పెదవి మీద అంటుకుని ఉంది, తుడుద్దామనుకున్నాడు. తుడిచాడా? చెయ్యి ఇంకా స్టీరింగు మీదే ఉంది. తుడిచానే అనుకున్నాడే. చెయ్యి వంక కాసేపు చూశాడు, అది వేరే వాళ్ళ చెయ్యిలా, వయసు మళ్ళినవాడి చెయ్యిలా ఉంది, నాన్న చెయ్యి.

మంచు ఇంజిన్ మోతని కూడా కప్పేస్తోంది. వెనక బండ్లు కనిపించడం లేదు. గంటయిందా? ఛిరింగ్ మళ్ళీ వచ్చాడా, అద్దం మీద కొట్టి ఏదో అన్నాడా, ఇంకో పావుగంట అన్నాడా, లేక అది మొదటిసారి వచ్చిందే మళ్ళీ గుర్తొస్తోందా. ఏమైతేనేం, లోపల వెచ్చగా ఉంది. ఇంత వెచ్చగా బొజ్యూ ఎప్పుడూ లేదు, నాయనమ్మ ఒళ్ళో పడుకున్నట్టే ఉంది, కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు, ఆ తెలియకపోవడం కూడా హాయిగానే ఉంది. నిద్రపోతే బావుండు. దారి తెరుచుకుంటే వెనకవాళ్ళు హారన్ కొడతారు, లేస్తాడు. కాసేపే.

ఆమె పాడుతోంది. ఎక్కడ, ఇక్కడే, ఈ కనుమలోనే, ముందు నడుస్తూ. వీపు మీద బుట్ట, బుట్టలో కొత్త కాపురం సామాను, ఇత్తడి గిన్నెలు అడుగడుక్కీ గణగణమంటున్నాయి. పెళ్ళయిన పదో రోజు, పైనున్న గుడిరాయికి మొక్కు తీర్చడానికి నడిచి వెళ్ళారు, బొజ్యూ అప్పుడు నాన్న చేతిలో ఉంది, కొత్త పెళ్ళికొడుక్కి ఇవ్వలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకో, మాట్లాడకు, ఇది బిఖ్ చోటు అని చెప్పాడు. ఆమె గుడ్డ తీసి తలకి చుట్టుకుని పాట అందుకుంది, తేయాకు కోసేవాళ్ళ పాట, మగవాళ్ళని వెక్కిరించేది. ఆపమన్నాడు. లేకు పట్టాలి కదా, పట్టనీ, చూద్దాం అంది. పైదాకా పాడుతూనే ఉంది, పైన గుడిరాయి దగ్గర తనే ముందు నిలబడి, ఏం కొండ మనిషీ, కాళ్ళు నొప్పులా అని అడిగింది, ఆ రాత్రి నాలుగు పళ్ళేల అన్నం తింది. తలనొప్పి లేదు. వాంతి లేదు. ఏమీ లేదు.

ఏమీ లేదు. అదెలా?

ఆ ప్రశ్న లోపలెక్కడో చిన్నగా తగిలింది, చెప్పులో రాయి దూరినట్టు. మెల్లగా దాని చుట్టూ తిరిగాడు, తిరుగుతుంటే జారిపోతోంది, మళ్ళీ పట్టుకున్నాడు. నడిచి వచ్చినప్పుడు పట్టలేదు. పైన రెండు నెలలున్నా పట్టదు. బండిలో పడుతుంది. మొదటి నుంచీ కాదు, పోయిన ఏడాది నుంచో, అంతకు ముందు ఏడాది నుంచో, అంతకు ముందు ఇదే సీట్లో కూర్చుని వేరుశనక్కాయలు తింటూ వచ్చేది, తొక్కలన్నీ కింద పోసేది, తను తిట్టేవాడు. మరి తనెప్పుడు చూశాడు ఆమెకి లేకు పట్టడం? ముప్ఫై ఏళ్ళుగా పడుతోందని అందరికీ చెబుతున్నాడే, ఎప్పుడు చూశాడు? చూడలేదు. వేళాకోళం ముందు వచ్చింది, లేకు తర్వాత వచ్చింది. ఆలోచన మళ్ళీ జారిపోయింది. ఏమిటి ఆలోచిస్తున్నాను, కోళ్ళ గురించా. గుర్రాల గురించా. నామ్లో పట్టీ బిగుస్తోంది, ఎవరో వెనక నుంచి బుట్టలో రాళ్ళు వేస్తున్నారు, ఇంకొకటి, ఇంకొకటి. ఇది తట్టుకోలేడు. సరే, ఓడిపోయాను, నవ్వుకో.

"కాన్ఛీ," అన్నాడు. ఇంట్లో ఆఖరి ఆడపిల్ల కాబట్టి అందరూ ఆమెని అలా పిలిచేవారు, అతనూ అదే పిలుపు ఉంచేశాడు. "కాన్ఛీ, నాకూ పట్టిందే లేకు."

అని, ఆమె నవ్వు కోసం చూశాడు.

నవ్వలేదు. మళ్ళీ చెప్పాడు. చెప్పాడనే అనుకున్నాడు, గొంతులోంచి ఏం వచ్చిందో మరి. ఆమె నవ్వలేదు, కళ్ళు తెరవలేదు, కనుబొమ్మ కూడా కదలలేదు, ఈ మాట కోసం ముప్ఫై ఏళ్ళు కాచుకున్న మనిషి, నిద్రలో ఉన్నా చచ్చి కట్టెల మీదున్నా లేచి నవ్వాల్సిన మనిషి. అప్పుడు భయం వేసింది. ఎప్పుడూ ఎరగని భయం, ఆ భయంలో దిల్‌మాన్ మాట మొత్తం వచ్చేసింది, మొహం లేకుండా, రెండు కాళ్ళు మాత్రమే మాట్లాడుతున్నట్టు: మోత సంగతి కాదు దాజు, పొగ ఎటు పోతోందో చూసుకో, దానికి రంగుండదు, వాసన ఉండదు, కిటికీలు తెరిచి తోలుకో. కిటికీలు తెరిచి. తను గోనెపట్టా కుక్కాడు. తాడు కట్టాడు. ఆమె తెరవబోతే చెయ్యి చాపి మూశాడు. విషం బయట గాలిలో లేదు, ఎప్పుడూ లేదు, కాళ్ళ కింద రబ్బరు పట్టా అంచులోంచి వెచ్చగా పైకి వస్తోంది, గంట నుంచీ ఆమెకి తాపుతూ కూర్చున్నాడు.

తాళం తిప్పి ఇంజిన్ ఆపాడు. ఆపి, తాడు ముడి మీద చేతులు వేశాడు. రెండు ముళ్ళు, బరువులు కట్టే ముళ్ళు, చీకట్లో నిద్రలో వేయగలడు, విప్పగలడు, ఇప్పుడు వేళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో చోట ఉన్నాయి, ఒకటి లాగితే ఇంకొకటి బిగుస్తోంది. ఆమె వైపు అద్దమే దగ్గర, అటు వెళ్ళు, అనుకున్నాడు. ఆమె మీదుగా ఒరిగి అద్దం పట్టుకు లాగాడు, మంచు పేరుకుని బిగుసుకుపోయింది. తలతో కొట్టాడు. ఒకసారి కొట్టానో పదిసార్లు కొట్టానో తెలియదు, నుదురు తడిగా అయింది, అద్దం పగల్లేదు. ఆమె వైపు తలుపుకి గడియ ఉంది. ఉంది కదా, ఆ వైపు గడియ బాగానే ఉంది కదా, తనవైపుదే కదా పోయింది, ఎందుకు తాడు పట్టుకుని కూర్చున్నాను. గడియ కిందికి నొక్కి మొత్తం ఒళ్ళు దాని మీద వేశాడు. తలుపు తెరుచుకుంది, ఇద్దరూ కలిసి మంచులో పడ్డారు, ఆమె కింద, తను మీద.

విషపు కనుమ గాలి మొహాన కొట్టింది. ఎంత చల్లగా, ఎంత పచ్చిగా ఉందో, దాన్ని నోరంతా తెరిచి మింగాడు, మింగిందంతా కక్కేశాడు, మళ్ళీ మింగాడు. మోకాళ్ళ మీద లేచి ఆమె చంకల కింద చేతులేసి లాగాడు, ఒక అడుగు, ఇంకో అడుగు, బండికి దూరంగా, ఆమె మడమలు మంచులో రెండు గీతలు గీశాయి. ఇంజిన్ మోత వినిపిస్తోంది. ఆపాను కదా. ఆపలేదు. ఆపానని అనుకున్నాడంతే, బొజ్యూ తలుపు తెరుచుకుని అలాగే దగ్గుతూ ఉంది. ఆమె ముక్కు దగ్గర చెంప పెట్టాడు, ఏమీ తెలియలేదు, చెంప మొద్దుబారిపోయింది. మంచు తీసి ఆమె మొహాన రాశాడు. కాన్ఛీ అన్నాడు.

ముందు నుంచి పారలతో మనుషులు పరుగెత్తుకొచ్చారు. మంచి మనుషులు, పొద్దుట్నుంచీ అన్నం లేకపోయినా తవ్వుతున్నవాళ్ళు, ఛిరింగ్ అందరికంటే ముందు. అయ్యో, వదినకి లేకు బాగా ఎక్కేసిందే అన్నాడు ఛిరింగ్. ఈ గాలిలో పడుకోబెట్టావేంటి దాజు, మతిపోయిందా అన్నాడు ఇంకొకడు. ఎత్తండి, బండిలోకి ఎత్తండి, అద్దాలు మూసి వెచ్చగా పెట్టండి, ఎవరి దగ్గరైనా వెల్లుల్లి ఉందా. నలుగురు కలిసి కాళ్ళూ చేతులూ పట్టుకుని ఆమెని ఒక్క ఊపులో లేపారు. హర్కధన్ వద్దన్నాడు. నోరు తెరిచాడు గానీ నాలిక తిరగలేదు, గొర్రె అరుపు లాంటిదేదో వచ్చింది. దాజుకి కూడా పట్టినట్టుందిరోయ్ అని ఎవరో నవ్వారు, జాలిగానే నవ్వారు, ఇంకెవరో అతని భుజం పట్టుకుని నువ్వు కూడా లోపల కూర్చో అన్నారు. ఆమెని తలుపు దాకా తీసుకుపోయారు. ఆమె తల వెనక్కి వేలాడుతోంది, లోపలి వెచ్చదనం ఆవిరిగా బయటికి వస్తోంది. అతను పాకుతూ వెళ్ళి తలుపు కింద మెట్టు మీద అడ్డం పడుకున్నాడు. తొక్కండి, తొక్కి వెళ్ళండి అనుకున్నాడు. ఛిరింగ్ వంగి అతన్ని పక్కకి లాగబోతే వాడి చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకున్నాడు, పట్టుకుని మొహంలో మొహం పెట్టి, ఒక్కొక్క మాటా బరువెత్తినట్టు ఎత్తాడు.

"లేకు కాదురా. బండి. నా బండి పొగ."

ఛిరింగ్‌కి మొదట అర్థం కాలేదు. ఆ పైన వాడి కళ్ళు అతని మీంచి కాళ్ళ దగ్గరి రబ్బరు పట్టా మీదికీ, అక్కణ్ణించి బండి వెనక మంచులో పూర్తిగా పూడుకుపోయిన పొగగొట్టం మీదికీ వెళ్ళాయి. లోపలికి వంగి తాళం తిప్పాడు. బొజ్యూ ఆగింది. ఆగాక మిగతా ఇంజిన్ల మోత వినపడింది, వెనక ఉన్న మూడింటిదీ, మంచులో ఎక్కడున్నాయో కనపడకుండా తిరుగుతూనే ఉన్నవి. ఎవరూ నవ్వడం లేదు. ఎవడి బండి వైపు వాడు తిరిగాడు. వదినని కింద పెట్టండి, గాలి తగలనివ్వండి అని అరుస్తూనే ఛిరింగ్ పరుగెత్తాడు, వాడి బండి మూడోది, అందులో వాడి తల్లీ, అక్కా ఉన్నారు. పారలు ఎక్కడివక్కడ పడేసి మిగతావాళ్ళూ పరుగెత్తారు.

హర్కధన్ ఆమె తల తన తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బతుకు, బతికి నన్ను తిట్టు, అంతకంటే ఏమీ అడగను అనుకున్నాడు. మంచు ఆమె కనురెప్పల మీద పడుతోంది, తుడుస్తున్నాడు, ఈసారి చెయ్యి నిజంగానే కదులుతోంది. ఎంతసేపో తెలియదు. ఆమె ఛాతీ ఒక్కసారిగా ఎగిరింది, పక్కకి తిప్పాడు, కక్కింది, వెల్లుల్లీ నీళ్ళూ, మళ్ళీ కక్కింది, పెద్దగా దగ్గింది. అతనికి ఏడుపొచ్చింది, చంటిపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు, వెనక నుంచి తలుపులు బద్దలు కొడుతున్న చప్పుళ్ళూ పేర్లు పెట్టి పిలుస్తున్న కేకలూ ఏవీ అతని చెవిన పడలేదు. ఆమె కళ్ళు తెరిచింది. ముందు ఆకాశాన్ని చూసింది, తర్వాత అతన్ని చూసింది, చాలాసేపు, నెమ్మదిగా, కొత్తవాళ్ళ ఇంట్లో గోడలు చూసినట్టు. కాన్ఛీ అన్నాడు. ఆమె కొంగు కోసం తడుముకుని తల మీదికి లాక్కుంది.

"దాజు," అంది మర్యాదగా. "మా బూఢా బండి మీకెక్కడైనా కనిపించిందా? నన్నిక్కడ ఉండమని వెళ్ళాడు."

హర్కధన్ ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం ఎక్కడైనా ఉందేమో అని కళ్ళల్లో, పెదవి మూలల్లో, అంతటా వెతికాడు. ఆమె జవాబు కోసం ఎదురుచూస్తోంది. తన ఒంటి మీది కంబళి తీసి ఆమెకి కప్పాడు.

"వస్తోందమ్మా," అన్నాడు. "దారిలో ఉంది."